బొంత రంగును గురించిన మనవి

ఆర్మూర్, 17-4-2008

ఆన్‌లైన్ దుకాణం మేనేజరు గారికి,

మీరు బొంతల ఫొటోలు కోరిన రోజున మా మహిళా సంఘంలో కుట్టినవి లేవు. అందుచేత సభ్యురాలు వెంకవ్వ కప్పుకొనే బొంతను ఫొటో తీసి పంపాను. అది అమ్మకానికి కాదని రాయకపోవడం నా పొరపాటు.

“అచ్చం అదే పసుపు రంగులో” పన్నెండు కావాలని ఆర్డరు వచ్చినట్లు తెలిపారు. ఆ రంగు అద్దకం కాదని మనవి. వెంకవ్వ భర్త ఇక్కడి మార్కెట్లో ఇరవై రెండేళ్లు పసుపు బస్తాలు మోశాడు. ఆయన పోయాక, ఆ పసుపు పట్టిన ఆయన అంగీలనే ఆమె బొంతగా కుట్టుకుంది.

కనీసం ఫొటోలోనిదైనా పంపమన్న మీ ఆదేశాన్ని ఆమెకు చదివి వినిపించాను.

“గా రంగు గంత నచ్చితే ఆళ్ల మొగోళ్లను బస్తాలు మొయ్యమను, అక్కా!” అన్నది.

దయచేసి ఫొటో తొలగించగలరు. తొలగించారని తెలిసేదాకా, ఈ ఎండల్లోనూ, ఆమె ఆ బొంతను ఒంటి మీదినుంచి తీయనంటున్నది.

ఇట్లు,
సంఘం కార్యదర్శి