పన్నెండింటి పాట

డెట్రాయిట్,
గురువారం.

లవెల్ అన్నకు,

మీ ఉత్తరం చూశాను. మధ్యాహ్నం పన్నెండింటికి మేము వేసే మీ పాత ర్యాప్ పాట ఆపేసి, ఆ చోటు మీ అమ్మాయి జెనెల్ కొత్త పాటకు ఇమ్మన్నారు. కానీ మొన్న జెనెల్ కూడా మా రేడియో స్టేషనుకు వచ్చింది.

"కొత్త పాటల కోసం నాన్న పాట తీసేస్తారట కదా బాబాయ్? తీయకండి. డయాలసిస్ కుర్చీలో ఆయన నవ్వేది ఆ మూడు నిమిషాలే. నర్సులతో కలిసి పాడతాడు కూడా" అంది.

"మరి నీ పాట?"

"దానికేం తొందర? ఆగుతుందిలే."

మూడు కొత్తవాటికి ఒక పాతది వేయడం మా పద్ధతి. ఆ మూడింటిలో ఒకటి ఇక జెనెల్‌ది. సోమవారం మీది ముగియగానే, మధ్యలో ప్రకటన లేకుండా తనది మొదలవుతుంది.

తనకింకా చెప్పలేదు. ఆ మాట మీరే చెప్పండన్నా.

మీ తమ్ముడు