తాడు వెనక టోపీ

నా పిచ్చుక తల్లికి, నాన్న వెయ్యి ముద్దులతో,

గెలిచావటే! బంతి నీ మాట వినకుండా పోయిన ఆ రెండేళ్ళూ ఏమైపోతావోనని ఎంత కుమిలిపోయానో. ఇవాళ మళ్ళీ గోల్ఫ్ కప్పు నీ చేతికొచ్చింది. పొద్దుటినుంచి కుట్టుమిషను తొక్కుతున్నానే గాని ఏం కుడుతున్నానో తెలిస్తే ఒట్టు. ఒక పెద్దమనిషి చొక్కాకి జేబు వీపున కుట్టేశాను!

పక్కన గడియారాల షాపు బాబాయి టీవీ పెట్టాడు. నేను మాత్రం దానికి వీపు పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. "అన్నా, కొట్టింది... దొర్లుతోంది... ఇంకా దొర్లుతోంది..." అంటాడు. "పడిందో లేదో చెప్పి చావరా!" అని అరిచాను. పడింది.

ఎందుకు చూడలేదంటావా? నేను మైదానానికి వచ్చిన రెండుసార్లూ నువ్వు ఓడావు. రెండోసారి "నాన్నా, నువ్వు ఇంటి దగ్గరే ఉండవా, ప్లీజ్" అన్నావు. తప్పుగా అనలేదు తల్లీ. కానీ ఆ మాట అప్పటినుంచీ గుండెలో ముల్లులా ఉండిపోయింది. పేపర్లో నీ ఫొటోలే చూసుకుంటాను. గ్లవ్ తొడిగే ఎడమ చెయ్యి తెల్లగా, కుడి చెయ్యి ఎండకు కమిలిపోయి, ఇద్దరు మనుషుల చేతుల్లా ఉంటాయి.

వచ్చే ఆట మన ఊళ్ళోనేనట కదా. ఒక్కసారి రానా? టోపీ దించుకుని, జనాన్ని ఆపే తాడు వెనక, అందరికంటే చివర నిలబడతాను. నీ కంటపడను. వద్దంటే వద్దులే.

నీ నాన్న

---

నా బంగారు పిచ్చుకకి, నాన్న ఆనందం పట్టలేక రాస్తున్నది,

"రా నాన్నా" అని రాసి టిక్కెట్టు పంపావు చూడు, దాన్ని బాబాయి చేత మూడుసార్లు చదివించుకున్నాను. చదవడం రాక కాదు, వినాలని.

ఆట రోజున చివరి గుంట దగ్గర మాట్లాడొద్దని బోర్డు ఎత్తగానే నా నోరు సంగతి తెలుసు కనుక రుమాలు కుక్కుకున్నాను. ఆ బంతి పడితే కప్పు నీదే. అది అంచుదాకా పోయి ఆగిపోయింది. నా దిష్టే తగిలిందనుకుని, టోపీ ఇంకా దించుకుని గేటు వైపు నడిచాను.

జనమంతా గెలిచినమ్మాయి చుట్టూ మూగారు. నువ్వు తాడు దాటి నా దగ్గరికొచ్చావు.

"ఎక్కడికి పారిపోతున్నావు?"

"నేను రాకుండా ఉండాల్సిందమ్మా."

"నీ మొహం! నేల వాలు నేనే తప్పుగా అంచనా వేశాను. నిన్ను ఇంటి దగ్గరే ఉండమన్న రోజు కూడా అంతే. కోపం నీ మీద పెట్టేశాను. సరే గాని, ఆకలేస్తోంది, ఏం తెచ్చావు?"

బెంచీ మీద బూట్లు విప్పేసి, నా సంచిలో నలిగిపోయిన రొట్టె తిన్నావు. నా భుజాన తల వాల్చావు. ఎండ చూడని ఆ ఎడమ చెయ్యి నా చేతుల్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. గెలిచి ఉంటే కెమెరాలవాళ్ళు నిన్ను నాకు వదిలేవాళ్ళా? బిడ్డ ఓడిన రోజున ఇంత సంతోషమా అని సిగ్గేసింది. బాబాయితో అనకు, ఊరంతా చాటేస్తాడు.

చిరిగిందని, "కుట్టిపెట్టు" అని నువ్వు ఇచ్చిన గ్లవ్ కుట్టేశాను. పోస్టులో మాత్రం పంపను. నువ్వే వచ్చి తీసుకో, లేకపోతే పై ఆటకి నన్నే తెమ్మను. టోపీ బాబాయికి ఇచ్చేశాను.

ముందు వరసలో నిలబడబోయే
నీ నాన్న