సూది మైల

అల్లవరం,
5-6-1999

చిరంజీవి జాస్మిన్‌కి,

అబ్బులు బాబాయి దీవెనలు. గుర్తున్నానా అమ్మా? నువ్వు మా ఊరి దేవదానం మాస్టారి అమ్మాయివని తెలిసి, హైదరాబాదు ఆసుపత్రిలో నీ చేతే సూది వేయించుకున్న కొబ్బరి రైతుని. ఎడం పక్కలో నొప్పి, ఒళ్ళు తగ్గడం చూసి, ఎముకల్లో రాచపుండేమోనని అమలాపురం డాక్టరుగారు మీ దగ్గరికి పంపించేరు.

"ఒక్కరోజు పసిపిల్లలకి దూరంగా ఉండండి" అన్నావు. ఆయ్ అన్నాను. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి రమణికి ఆడపిల్ల పుట్టి ఉంది. నేను గుమ్మం తొక్కకుండా తిన్నగా కొబ్బరికాయల పాకలోకి పోయేను. ఇంట్లో దానికి పురుడు, పాకలో నాకు సూది మైల.

సరిగ్గా గడువు తీరే వేళకి పక్కింటి బుజ్జమ్మ పలకరించడానికొచ్చి నా మంచం మీద కూచుంది. మైల కలిసింది కదా, లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మర్నాడు మీ పిన్ని సూర్యావతి నా తువ్వాలు ఉతికింది. మళ్ళీ మొదలు! పిల్ల ఏడుపు వినబడుతోంది గానీ మొహం చూడలేదు. ఇలా అంటు కలిస్తే గడువు ఎంత పెంచాలో తిరుగుటపాలో రాయి.

గుమ్మం వైపే చూస్తూ,
మీ బాబాయి

తా.క. మీరిచ్చిన రిపోర్టు కవరు పాక చూరులో భద్రంగా ఉంది.

తా.క. 2. మొదటిరోజు గాబరాలో ఒక కొబ్బరిచెట్టు మొదట్లో ఒంటికి పోసేను. ఆ చెట్టు కాయలు అప్పనపల్లి స్వామికి కొట్టొచ్చా?

---

హైదరాబాదు,
9-6-1999

బాబాయిగారికి,

జాస్మిన్ నమస్కారాలు. మనవరాలు పుట్టినందుకు చాలా సంతోషమండీ. కానీ ఇది మైల కాదు, ముట్టుకుంటే అంటుకోదు. ఎక్స్‌రేకైతే కిరణాలు బయటినుంచి పంపిస్తాం. ఈ గామా కెమెరా అలా కాదు. సూదిమందు మీ ఎముకల్లో చేరి, లోపల్నుంచి కిరణాలు పంపిస్తే, కెమెరా వాటిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. ఆ మందు పేరు టెక్నీషియం. ఆరు గంటలకి సగమవుతుంది, మరో ఆరు గంటలకి అందులో సగం. మీ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఈ ఉత్తరం అందగానే వెళ్ళి పాపని ఎత్తుకోండి.

మీ అమ్మాయిలాంటిది,
జాస్మిన్

తా.క. కవరు చూరులో దోపుకోడానికి ఇవ్వలేదండీ. డాక్టరుగారికి చూపించేరా? లోపలేముందో నేను చెప్పకూడదు.

తా.క. 2. చెట్టుకి ఏమీ కాదు. కాయల సంగతి పూజారిగారిని అడగండి, అది మా శాఖ కాదు.

---

అల్లవరం,
13-6-1999

చిరంజీవి జాస్మిన్‌కి,

నీ ఉత్తరం చదివి ఉన్న ధైర్యం కూడా పోయింది. సగం, అందులో సగం, దాన్లో సగం అన్నావు. మా తాతగారి ఎనిమిదెకరాలు ఇలాగే పంచుకుంటూ వచ్చేం. మా నాన్నకి నాలుగు, నాకు రెండు. ఎంత పంచినా చివరికి గట్టు మిగిలింది, గట్టు మీద తగువూ మిగిలింది. సున్నా దాకా వెళ్ళిన పంపకం నేనెరగను. అంటే నా ఒంట్లో ఎంతో కొంత ఉండి తీరుతుంది.

నిన్న రమణి దొడ్డిగుమ్మంలో నించుని పిల్లని ఎత్తి చూపించింది. నా ముక్కేనట. ఇంతదూరం నుంచి ముక్కేం కనబడుతుంది? ఇరవయ్యో తారీకున బారసాల. తాత ఒళ్ళో కూచోబెట్టి పేరు పెట్టాలి. ఆ తాత కొబ్బరిపీచు మధ్య పడి ఉన్నాడు. ఏడుపొస్తోందమ్మా.

పాకవాసి,
బాబాయి

తా.క. కవరు మీద బల్లి గుడ్లు పెట్టింది. కదిపితే పాపం కదా.

---

హైదరాబాదు,
16-6-1999

బాబాయిగారికి,

నమస్కారాలు. ఈసారి రైతుభాషలో చెప్తాను. మా దగ్గర ఒక ఆవుంది. సీసం గోడల డబ్బా అది, ఈ పనిలో ఉన్నవాళ్ళంతా దాన్ని ఆవనే అంటారు. రోజూ పొద్దున్నే దాన్నుంచి టెక్నీషియం పితుకుతాం. ఈ పూట పితికింది రేపటికి పనికిరాదు. వారం పది రోజుల్లో ఆవే ఒట్టిపోతుంది, కొత్తది తెప్పించుకుంటాం. అలాంటిది, మీ ఒంట్లో పడ్డ ఆ కాసిని చుక్కలు పదిహేను రోజులు నిలవుంటాయా? మీరే చెప్పండి.

నిజంగా మీ భయం సూదికా, కవరుకా?

సమాధానం కోసం చూస్తూ,
జాస్మిన్

తా.క. మా అమ్మ జబ్బు ముదిరేదాకా ఎవరికీ తెలియలేదు. ఆవిడ పోయేకే నేను ఈ చదువులోకి వచ్చేను. మీరు బల్లిని బతిమాలుకునైనా కవరు విప్పండి.

---

అల్లవరం,
21-6-1999

చిరంజీవి జాస్మిన్‌కి,

నీ ఆవు నా నోరు మూయించింది. ఇంక నిజం రాస్తున్నాను.

ఏప్రిల్లో కొబ్బరి దింపువాళ్ళు రాలేదు. కడుపుతో ఉన్న రమణి లేతబొండాం అడిగింది. ఇంక చెట్టెక్కనని మీ పిన్నికి ఒట్టేసిన నేను, అరవై రెండో ఏట మళ్ళీ ఎక్కేను. సగంలో జారి పడ్డాను. "ఎప్పుడైనా పడ్డారా?" అని డాక్టరుగారడిగితే పక్కన మీ పిన్ని ఉంది, లేదన్నాను. ఆ అబద్ధమే నన్ను హైదరాబాదు దాకా లాక్కొచ్చింది. తీరా ఒళ్ళు తగ్గుతుంటే నిజంగానే రాచపుండేమోనని గుబులు పట్టుకుంది. కవరు విప్పితే జబ్బన్నా బయటపడాలి, చెట్టన్నా బయటపడాలి. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నిన్న బారసాల పొద్దున్నే నీ ఉత్తరం పట్టుకుని కవరు దింపేను. చూస్తే, అంటించిన చోట ఎండిపోయిన అన్నం మెతుకులు! మీ ఆసుపత్రిలో బంకకి బదులు మెతుకులు వాడతారా అనుకుంటుంటే, వెనక మీ పిన్ని నించుని ఉంది.

"ఎనిమిదో పక్కటెముక బీటండి. అతుక్కుంటోందంట. రాచపుండు లేదు, పాడూ లేదు" అంది.

నేనొచ్చిన రోజే, స్నానానికెళ్ళినప్పుడు లోపలి కాయితం తీసుకుని, కవరు మెతుకులతో అంటించేసిందట. మీ నాన్నగారే చదివిపెట్టి, అమలాపురం తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించుకొచ్చేరట!

"మరి నాకు చెప్పలేదేం?"

"మూడు వారాలు కదలనివ్వొద్దన్నారండి. మీరు మాట వినే మనిషా? మీ అంతట మీరే పాకలో పడుకున్నారు కదాని ఊరుకున్నాను. బుజ్జమ్మని మంచం మీద కూచోమని పంపిందీ నేనే. తువ్వాలు ఉతికిందీ అందుకే."

"నేను హడలి చస్తుంటే జాలెయ్యలేదా?"

"కడుపు తరుక్కుపోయిందండి. చెట్టెక్కేటప్పుడు నేనేమైపోతానో మీకు గుర్తొచ్చిందా?" అని కళ్ళొత్తుకుంది. నేను తలొంచుకున్నాను.

అప్పుడు లోపలికెళ్ళి పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది సరిగ్గా ఎనిమిదో పక్కటెముక మీదే తన్నింది. నొప్పి పుట్టింది, ఎంత సుఖంగా ఉందో రాయలేనమ్మా. ముక్కు నాదే.

ఇల్లు చేరిన,
అబ్బులు బాబాయి

తా.క. మనిషి లోపల అబద్ధాలు కూడా కనబడే కెమెరా మీ దగ్గరుందేమో కనుక్కోమంది మీ పిన్ని. ఉన్నా లేదని రాయి.