తోక ఆడించే చేప

వదినకు, నీ మరిది వీరయ్య రాసేది. అన్న, నువ్వు, పిల్లలు బాగున్నారనుకుంటాను. నేను తింటున్నాను, పడుకుంటున్నాను. దాన్నే బాగుండడం అనుకో. ఫోన్లో చెబితే నవ్వులాట అనుకుంటావని, మణుగూరు వస్తున్న మనిషి చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. అన్నకు చదివి వినిపించు.

మస్కట్ ఎండ మన బొగ్గు గనుల ఎండకు పెద్దన్న. నా పని మాత్రం చల్లగానే. మాల్‌లో గదంత అద్దాల తొట్టి ఉంది. ఉప్పునీళ్లు, అడుగున ఇసుక, పగడపు రాళ్లు. ఆ అద్దాలు తుడుస్తాను. ఇక్కడ కూర ఎర్రగా ఉంటుంది, కారంగా ఉండదు. వచ్చేవాళ్లుంటే మన కారం పొడి పంపు.

తొట్టిలో వేలంత చేప ఒకటుంది. రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురం. రొయ్యకు చూపు సరిగా ఆనదు. పొద్దంతా ఇసుక తోడి బయట పోస్తుంది. చేప గుమ్మంలో కాపలా. బయటికొచ్చినంతసేపూ రొయ్య మీసం చేప ఒంటి మీదే ఉంటుంది. పెద్ద చేప వస్తే ఇది తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి పోతుంది. చేప కూడా లోపలికి దూరినప్పుడు చూడవచ్చినవాళ్లు "చేపేది?" అంటే "లీవు మీద పోయింది" అంటాను. వాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రావడం లేదు.

చేరిననాటి నుంచి చూస్తున్నాను వదినా. ఆ చేప ఒక్కసారి కూడా ఉత్తుత్తిగా తోక ఆడించలేదు.

నేనేం చేసేవాణ్ణో నీకు తెలుసు. చూపు పోయిన అన్న నా భుజం మీద చెయ్యేసి నడుస్తుంటే, ఏమీ లేనిచోట "మెట్టుందన్నా" అనేవాణ్ణి. ఆయన కాలెత్తి గాల్లో పెట్టేవాడు. బస్టాండంతా నవ్వేది. "నా కాళ్లతోని ఆటలాడుతున్నవారా" అని ఆయనా నవ్వేవాడు. ఆ రోజు మురుగు కాలువ దగ్గర "మోరీ ఉంది, ఆగు" అంటే, "నీ మోరీలు నాకు తెల్వవా" అని అడుగేశాడు. తుంటి విరిగింది. దవాఖానాలో ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు నిజమే చెప్పినవ్‌రా. నాకెట్ల తెల్వాలె?"

తర్వాత నాతో మాట్లాడలేదు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు.

మొన్న నువ్వు ఫోన్లో అన్నావు. "ఎముక అతికింది, నడవకుంటే కాళ్లు బిగుసుకపోతయన్నడు డాక్టరు. ఎవ్వరి భుజం పట్టడు, మంచం దిగుతలేడు."

రంజాన్ అయ్యాక నాకు లీవు ఇస్తామన్నారు. అన్నను ఒక్కటి అడుగు. నా భుజం మీద చెయ్యి వెయ్యమను. నేను నోరు తెరవను. మెట్టు దగ్గర ఆగుతాను, మోరీ దగ్గర ఆగుతాను. నేను ఆగితే ఆయన ఆగాలి. ఉత్తగా మాత్రం ఆగను.

పిన్నమ్మను, పక్కింటి మామను అడిగానని చెప్పు. మీ ఇద్దరి కాళ్లకు దణ్ణం. అన్న ఏమంటే అదే నాకు చెప్పు. వద్దంటే వద్దన్నాడనే చెప్పు, నా కోసం మార్చకు.

వీరయ్య