లోథ్రప్ గారి అబ్బాయి

స్టోనింగ్టన్, కనెక్టికట్
1780 నవంబరు

ప్రియమైన శ్రీవారికి,

మీ కెజయా రాస్తున్నాను. ముందు కుర్చీలో కూర్చోండి. పక్కన మీ కాంగ్రెస్ సభ పెద్దమనుషులెవరైనా ఉంటే బయటికి పంపండి. ఇది సత్రంలో నలుగురికీ చదివి వినిపించే కాగితం కాదు.

మన ఈనోస్ పట్టుబడ్డాడు. బతికే ఉన్నాడు, కంగారు పడకండి. పోయిన వారం మనూరి కుర్రాళ్ళు రెండు పడవల్లో లాంగ్ ఐలాండ్ ఒడ్డుకి పోయి, ఇంగ్లండు రాజుగారి సైన్యం గుర్రాల కోసం వేసుకున్న గడ్డివాములు తగలబెట్టారు. తిరిగొచ్చేటప్పుడు పొగమంచులో దారి తప్పి, తిన్నగా ఇంగ్లీషువాళ్ళ ఓడ పక్కకే పోయి ఆగారట. ఒక పడవ తప్పించుకుంది. మనవాడున్నది దొరికిపోయింది.

ఇక్కడిదాకా దేవుడి నిర్ణయం అనుకుని ఊరుకుందును. ఆ తర్వాతది మాత్రం మీ నిర్ణయం. అదే పడవలో డెనిసన్ గారి పెలెగ్ కూడా ఉన్నాడు. మనవాడికన్నా చిన్నవాడు, ఇంకా ముక్కు తుడుచుకోవడం రాని వెధవ. కానీ వాడు ఆఫీసరు. అందుకని పారిపోనని మాట తీసుకుని వాణ్ణి ఒక డచ్చి రైతు ఇంట్లో పెట్టారు. పొద్దున్నే పాలు, మధ్యాహ్నం మాంసం, సాయంత్రం ఆ రైతు కూతుళ్ళతో షికారు. పరుపు మెత్తగా లేదని వాళ్ళమ్మకి ఉత్తరం కూడా రాశాడు! మన ఈనోస్ ఉత్త సిపాయి. సిపాయి మాట ఎవడిక్కావాలి? న్యూయార్క్ ఎదురుగా బురదలో, తెరచాపలు పీకేసి కట్టేసిన పాత ఓడ ఒకటుందట. దాని అడుగున పడేశారు.

గవర్నరు గారు వాడికి ఆఫీసరు పదవి ఇస్తూ కాగితం పంపితే మీరేం చేశారు? "లోథ్రప్ గారి అబ్బాయని ఇచ్చారంటారు" అని తిప్పి పంపేశారు. వాడు నవ్వుకుంటూ తుపాకీ భుజానేసుకుని పోయాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ మొక్కజొన్న సంకటి కలుపుకున్నాను.

సరే, అయిందేదో అయింది. ఖైదీల మార్పిడి చూసే కమిటీలో మీరే ఉన్నారు. ఆఫీసరుకి ఆఫీసరు, సిపాయికి సిపాయి, అంతే కదా లెక్క? ఈసారి అడిగే సిపాయిల్లో మనవాణ్ణి కూడా అడగండి. మా అన్న సైలస్ న్యూయార్క్‌లోనే ఉన్నాడు. రాజుగారి పక్షం కాబట్టి వాడి పేరు ఇంట్లో ఎత్తకూడదన్నారు, ఎత్తడం లేదు. మీరుండగా వాడితో నాకేం పని?

మేజోళ్ళు అల్లి పంపుతున్నాను. చలికి జాగ్రత్త.

మీ
కెజయా


ఫిలడెల్ఫియా
డిసెంబరు

ప్రాణసమానమైన కెజయాకి,

సభలో సైన్యానికి పిండి ఎవరు పంపాలన్న గొడవ జరుగుతుండగా నీ ఉత్తరం అందింది. చదివి మడిచి, మళ్ళీ విప్పి మొదటి నుంచి చదివాను. పక్క కుర్చీలో ఉండే కరొలినా రాష్ట్రం ఆయన "ఏమయ్యా లోథ్రప్, ఇంటి దగ్గర ఆవు ఈనిందా?" అని నవ్వాడు. ఈనిందన్నాను. బయటికొచ్చి గుర్రాలు కట్టే చోట నిలబడి ఏడ్చాను. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియకూడదు.

కానీ నువ్వడిగింది నావల్ల కాదు. పోయిన వేసవిలో, కాంగ్రెస్ పెద్దల చుట్టాలే ముందు విడుదలవుతున్నారని సిపాయిల తల్లులు ఇక్కడికొచ్చి గోలగోల చేశారు. అప్పుడు లేచి, సభ్యుల బంధువులెవరినీ ముందుకి జరపరాదని తీర్మానం పెట్టింది నేనే. సభంతా చప్పట్లు. నీకు రాశాను కూడా, గొప్పగా. ఇప్పుడు అదే నోటితో నా కొడుకుని ముందు అడగండి అని ఎలా అననే? ఉమ్మింది నాకినట్టు కాదూ? వాడి వంతు వాడికి వస్తుంది. వాడు నా కొడుకు, ఓర్చుకుంటాడు.

ఎప్పట్లాగే ఊరికి చూపించే కాగితం వేరుగా పెట్టాను. సత్రంలో చదివించు. ఈనోస్ విషయం నేనెలా తీసుకున్నానో ఊరికి తెలియడం మంచిది.

సైలస్ జోలికి మాత్రం పోకు. కాంగ్రెస్ సభ్యుడి భార్యకి శత్రువు పట్నంతో ఉత్తరాలు నడుస్తున్నాయంటే నా పని అయిపోయినట్టే. మేజోళ్ళు సరిపోయాయి.

నీ
జబేజ్


స్టోనింగ్టన్
1781 ఫిబ్రవరి

శ్రీవారికి,

మీ కాగితం చదివించాను. "నా కొడుకు ఏ తల్లి కొడుకు కన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు" అన్నచోట పాస్టరు గారు కళ్ళొత్తుకున్నారు. సత్రం నడిపే బోర్డ్‌మన్ బల్ల గుద్ది "మగాడంటే లోథ్రప్ గారండీ!" అని అందరికీ ఆపిల్ సారా పోశాడు. డెనిసన్ గారి భార్య నా చెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివమ్మా, అలాంటి మొగుడు దొరకడం" అంది. వాళ్ళ పెలెగ్ ఇంటికొచ్చేశాడు లెండి, ఆవిడకేం. ఆ సారా ఆవిడ మొహాన కొడదామనిపించింది. తమాయించుకున్నాను.

నిన్న ఓబెడ్ అని ఒక ముసలి నావికుడు మనింటికొచ్చాడు. ఎలాగూ పోతాడని ఓడలోంచి వదిలేశారట. "అమ్మా, మీ అబ్బాయి నా పక్కనే పడుకునేవాడు" అన్నాడు. పొద్దున్నే పైన మూత తీసి కావలివాడు "చచ్చినవాళ్ళని పైకి తొయ్యండిరా, తిరుగుబాటు కుక్కల్లారా!" అని కేకేస్తాడట. వాళ్ళని ఒడ్డున ఇసకలో పైపైన పూడుస్తారట. పోటొస్తే మళ్ళీ బయటపడతారట. రొట్టెలో పురుగులు ఏరడం మానేశారట, ఏరితే తినడానికేం మిగలదని. ఈనోస్‌కి జ్వరమట. అయినా "మా నాన్న కాంగ్రెస్‌లో ఉన్నాడు, అందర్నీ విడిపిస్తాడు" అని పక్కవాళ్ళకి వాడే ధైర్యం చెబుతున్నాడట. వినబడుతోందా మీకు?

వంతు అన్నారు. జ్వరం వంతు చూసుకుంటుందా? తీర్మానం మీరు పెట్టిందే కదా, దాన్ని తియ్యమని ఇంకోటి పెట్టండి. నవ్వితే నవ్వుతారు, నవ్వు వల్ల ఎవరూ చావరు. ఔనో కాదో ఒక్క ముక్క రాయండి. ఈసారి సత్రం కాగితం పెట్టకండి. పెట్టినా చదివించను.

కెజయా


ఫిలడెల్ఫియా
ఏప్రిల్ మొదట్లో

నా కెజయా,

మన ఈనోస్ పోయాడు. మార్పిడి పని మీద న్యూయార్క్ వెళ్ళిన మన అధికారి వాడి గురించి అడిగితే, జ్వరంతో పడున్నాడని, తర్వాత ఓడలో లేడని చెప్పారట. ఆ ఓడలోంచి జ్వరంతో పోయినవాళ్ళు ఎక్కడికి పోతారో నీకు ఓబెడ్ చెప్పే ఉంటాడు.

నీ ఉత్తరానికి జవాబు రాద్దామని రోజూ కలం పట్టుకున్నాను. ఔనని రాయలేకపోయాను, కాదనీ రాయలేకపోయాను. ఇక రాయనక్కర్లేదు.

ఆ వార్త విన్నరోజు గదిలో తలుపేసుకుని, మనవాడి గురించి ఒక ఉత్తరం రాసి పత్రికకిచ్చాను. రాయకపోతే గుండె పగిలేది. రాజుగారి కొలువులో చేరితే బయటికి తీస్తామని ఆశ పెట్టినా ఒప్పుకోక, బురదలో చావడమే మేలనుకున్నాడని రాశాను. నా కొడుకు కదా, అలాగే అనుకుని ఉంటాడు. దాన్ని అన్ని రాష్ట్రాల్లోనూ అచ్చేస్తున్నారు. సభ లేచి నిలబడింది. నన్ను ఎగతాళి చేసే కరొలినా ఆయన వచ్చి కావలించుకున్నాడు. లాంకాస్టర్ వైపు కుర్రాళ్ళు అది చదివి గుంపులుగా సైన్యంలో చేరుతున్నారట. మన బిడ్డ చావు వృథా పోలేదు కెజయా. దీన్ని పట్టుకునే బతుకుతున్నాను, నువ్వూ పట్టుకో.

సంతాపానికని నల్లబట్టలు కొనకు. ఇంగ్లీషు సరుకు వద్దని మనమే పెట్టుకున్న కట్టుబాటు, నల్ల రిబ్బను చాలు.

నీ అభాగ్యుడు
జబేజ్


న్యూయార్క్
ఏప్రిల్ చివర

ప్రియమైన మీకు,

పైన ఊరి పేరు చూసి చించెయ్యకండి! మన ఈనోస్ బతికే ఉన్నాడండీ! ఈ పక్క గదిలో, మా సైలస్ మంచం మీద, నా కళ్ళెదురుగా నిద్రపోతున్నాడు.

మీ జవాబు కోసం చూసి చూసి, కట్టెల పడవవాణ్ణి బతిమాలి జలసంధి దాటి వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనా అనుకున్నాను, సైలస్ కుర్చీ వేసి కూర్చోబెట్టి అంతా అడిగాడు. టోపీ పెట్టుకుని నాతో బయల్దేరాడు. మార్చి చివర ఈనోస్‌ని ఓడలోంచి మోసుకొచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. నేనెత్తుకుని మేడెక్కించగలిగానంటే ఎంత చిక్కిపోయాడో మీరే అనుకోండి. ఇప్పుడు పులుసు తాగుతున్నాడు, రొట్టె నమలగలుగుతున్నాడు.

దాచను. ఊరికే వదల్లేదు. రాజుగారికి విధేయుడినని ప్రమాణం చెయ్యాలన్నారు. వాడు మొహం తిప్పుకున్నాడు. నేనే వాడి చెయ్యి పట్టి బైబిలు మీద పెట్టాను. పాపమంటూ ఉంటే నాది.

మీ ఉత్తరం అచ్చేసిన పేపరు ఇక్కడికీ వచ్చింది. వాడే అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. "నాన్న ఎంత బాగా రాశాడమ్మా" అన్నాడు. నేను పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను.

వాడికిప్పుడు ఒకటే ధ్యాస, ఇంటికి పోదాం అని. ప్రమాణం చేసినవాడు మనవైపు అడుగు పెడితే పట్టుకుని జైల్లో వేస్తారట. మీరు గవర్నరు గారికి చెప్పి ఒక్క అనుమతి కాగితం ఇప్పించండి. బలవంతంగా చేయించిన ప్రమాణం ప్రమాణమే కాదని మీరే సభలో ఎన్నోసార్లు వాదించారు. మీ తీర్మానానికి అడ్డం రాలేదు, మార్పిడికి మీ ఖైదీని అడగలేదు, మీ చేతికి మట్టి అంటకుండా వాణ్ణి తెచ్చాను. ఇంటికి మాత్రం రానివ్వండి.

మీ
కెజయా


ఫిలడెల్ఫియా
మే

శ్రీమతి కెజయా లోథ్రప్ గారికి,

శత్రువు ఆధీనంలో ఉన్న పట్నం నుంచి, ఇరుపక్షాలూ అడ్డగించని తెల్లజెండా పడవ ద్వారా మీరు పంపిన ఉత్తరం అందింది.

మీరు చెబుతున్న యువకుడెవరో నేనెరగను. నా కుమారుడు ఈనోస్ లోథ్రప్ రాజుకి తల వంచక శత్రువు ఓడలో ప్రాణం విడిచాడు. ఈ సంగతి దేశమంతా ఎరుగును. కనుక అనుమతి అడగవలసిన అవసరం నాకు కనిపించదు.

కెజయా, ఇది రాయడానికి ఎన్ని కాగితాలు చించానో నీకేం తెలుసు. నువ్వే ఆలోచించు. వాడి చావు విని తుపాకీ పట్టినవాళ్ళలో అప్పుడే కొందరు పోయారు. వాళ్ళమ్మలకి ఏం చెప్పను? లోథ్రప్ గారి అబ్బాయి రాజుకి దణ్ణం పెట్టి, మామయ్య ఇంట్లో పులుసు తాగుతున్నాడని చెప్పనా? నన్ను రాయబారిగా హాలండ్ పంపాలని మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడీ కథ బయటపడితే నాతో పాటు సభ పరువూ పోతుంది.

వాణ్ణి వేరే పేరు పెట్టుకోమను. ఏదైనా సరే, లోథ్రప్ మాత్రం వద్దు. హాలిఫాక్స్ పోనీ, లండన్ పోనీ. నువ్వు తిరిగొచ్చెయ్యి, అన్నగారికి జబ్బు చేసి వెళ్ళావని నేను సర్దుతాను.

వాడు సరిగ్గా తింటున్నాడా? దీనికి జవాబు రాయకు.

ఇట్లు
జబేజ్ లోథ్రప్


న్యూయార్క్
జూన్

జబేజ్ లోథ్రప్ గారికి,

తింటున్నాడని రాసే భాగ్యం కూడా లేకుండా చేశావు. నువ్వు అంటున్నానని ఉలిక్కిపడకు. ఇన్నేళ్ళు మీరూ మీరూ అన్నది చాలు.

నీ ఉత్తరం దాచేద్దామనుకున్నాను. సైలస్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఈనోస్ నీ చేతిరాత గుర్తుపట్టి, చిన్నపిల్లాడిలా నాకన్నా ముందు లాక్కున్నాడు. "ఇంటికి పోవచ్చామ్మా?" అన్నాడు. విప్పి చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు. తిట్టరా, నేనూ తిడతాను, ఇద్దరం కలిసి తిడదాం అన్నాను. "ఎందుకమ్మా? నన్ను తల్చుకుని తుపాకీ పట్టినవాళ్ళు పోయారట. నాన్న రాసినట్టు నేను ఉండాల్సింది, ఉండలేదు" అన్నాడు. దిక్కుమాలినవాడా, నువ్వు కాదురా ఉండలేనిది, నేను చెయ్యి పట్టి పెట్టించాను అని మొత్తుకున్నాను. కలం ఇచ్చి, పోనీ నువ్వే ఒక ముక్క రాయరా మీ నాన్నకి అన్నాను. "చచ్చినవాడు ఉత్తరం రాస్తే బాగోదమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను, బుద్ధిలేనిదాన్ని.

మర్నాడు గాలికి అలా తిరిగొస్తానని రేవుకి పోయాడు. కొత్తగా పట్టుకున్న మనవాళ్ళ ఓడ తాలూకు నావికుల్ని వరసగా నడిపించి, ఆ ఖైదీల ఓడకి పంపే పడవ ఎక్కిస్తున్నారట. వీడు చొక్కా విప్పి, ఒంటికి బురద రాసుకుని, వాళ్ళ వరసలోకి దూరిపోయాడు. ఒడ్డున ఆల్చిప్పలు అమ్మే ఆవిడ కళ్ళారా చూసింది. సార్జెంటు పేరడిగితే ఏదో చెప్పాడట, దూరం వల్ల ఆవిడకి వినబడలేదు. ఖైదీ ఒకడు ఎక్కువైతే వాళ్ళకేం బాధ? ఎక్కించుకుపోయారు.

సైలస్ పరిగెత్తాడు. వాడు అధికారుల కాళ్ళు పట్టుకుంటే, "ఈనోస్ లోథ్రప్‌ని వదిలేస్తాం, మాకేం, ప్రమాణం చేసినవాడేగా" అన్నారు. ఓడ దగ్గర వాడి పేరు పెట్టి కేక వేయించారు. పలకలేదు. పేర్లు పిలిచి, మొహాలు చూసి వెతకమని ఏడ్చాను. కింద చీకట్లో, గడ్డాలు మాసి అందరూ ఒకేలా ఉంటారమ్మా అన్నారు. కావలివాడు నవ్వుతూ ఏమన్నాడో తెలుసా? "లోథ్రప్ చచ్చిపోయాడని మీ పేపర్లోనే వేసుకున్నారుగా, మళ్ళీ మా దగ్గర వెతుకుతారేం?"

నువ్వు వేరే పేరు పెట్టుకోమన్నావు, పెట్టుకున్నాడు. లోథ్రప్ వద్దన్నావు, వదిలేశాడు. రాజుకి తల వంచకుండా ఓడలో పోయాడని రాశావు, అదీ నిజం చెయ్యడానికి పోయాడు. ఇంతకన్నా చెప్పిన మాట వినే కొడుకు ఏ తండ్రికుంటాడు?

రోజూ పడవ మాట్లాడుకుని ఆ ఓడకి దగ్గరగా పోతున్నాను. పక్కలకి కొట్టిన చిన్న కన్నాల్లోంచి చేతులు కనబడతాయి. ఈనోస్ అని అరుస్తాను. వాడికి వినబడుతుందని నాకు తెలుసు. ఆ పేరుకి వాడు పలకడు. పెట్టుకున్న పేరేమిటో నాకు చెప్పి పోలేదు.

నువ్వు చదువుకున్నవాడివి, సభల్లో మాట్లాడేవాడివి. నువ్వే చెప్పు, నా కొడుకుని నేను ఏమని పిలవాలి?

కెజయా