నా ఫిర్యాదు పనిచేసినందుకు నా ఫిర్యాదు

పారిశుద్ధ్య శాఖ అధికారి వారి సముఖమునకు,
తమ కార్యాలయం గేటు పక్కన, సైకిల్ స్టాండును ఆనుకుని బల్ల వేసుకుని, పందొమ్మిదేళ్లుగా జనానికి అర్జీలు రాసిపెడుతున్నవాడు తన కోసం రాసుకొన్నది.

అయ్యా,

విషయం: మా వీధి చెత్తబండి కార్మికురాలి మీద గత నెలలో నేను ఇచ్చిన ఫిర్యాదును రద్దుచేసి, ఆమెను మా వీధికే తిరిగి పంపించుట గురించి.

1. మా వీధి దీపం గురించి నేను తమకు పదకొండు అర్జీలు పెట్టుకున్నాను. దీపం నేటికీ వెలగలేదు. అందుచేత పై ఫిర్యాదు మీద తమరు మూడు రోజుల్లో చర్య తీసుకుంటారని కలలో కూడా అనుకోలేదని మనవి. తమ చురుకుదనాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

2. సదరు ఫిర్యాదుకు మూలకారణం కాఫీ. మా బావమరిది ఇచ్చిన మిషను ఒకటి ఇంట్లో ఉన్నది. చిట్టి డబ్బాలాంటి పాడ్ ఒకటి అందులో పెట్టి బొత్తాం నొక్కితే కప్పు కాఫీ వస్తుంది. కాఫీ అనడం మర్యాద కొద్దీ, కప్పు అడుగు కనిపించేది. చిక్కదనం కోసం రెండో పాడ్, ఆపైన మూడోది వేసేవాడిని. ఉన్న రెండు బొత్తాల్లో నీళ్లు ఎక్కువ వదిలే పెద్ద బొత్తామే ప్రతిసారీ నొక్కేవాడిని గనుక పలచటి కాఫీయే చెంబెడు వచ్చేది. ఇన్ని వేసినా చిక్కబడదేమని నాలుగోది వేసేవాడిని. రోజుకు పన్నెండు దాకా అయ్యేవి.

3. ఒకనాటి ఉదయం సదరు కార్మికురాలు మా చెత్తబుట్ట ఎత్తి చూసి, "ఏం బాబాయ్, ఇది ఇల్లా, హోటలా? పెద్ద బొత్తాం నొక్కితే ఎన్నేసినా నీళ్లే గదా! చిన్నది నొక్కి చూడు, ఒక్కటి చాలు" అన్నది. మధ్యాహ్నం పూట తను ఊడ్చే ఆఫీసులో అదే మిషను ఉన్నదట. ఎదురింటి లాయరు గుమాస్తా పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఊళ్లోవాళ్ల తగాదాల కోసం దాచుకున్న మాటలన్నీ బయటికి తీసి, "నడివీధిలో నానా దుర్భాషలాడి, నా పరువు ప్రతిష్ఠలకు తీరని భంగం కలిగించి, బుట్టతో మీదికి వచ్చినది" అని రాశాను. బుట్టతో వచ్చిన మాట నిజం. అది ఆమె ఉద్యోగం.

4. తమరు ఆమెను ఊరి చివరి వార్డుకు మార్చారు. కొత్తగా వచ్చినతను తలెత్తడు, పలకరించడు, ఏదిచ్చినా తీసుకుపోతాడు. వీధి బోసిపోయింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీకు నోటికన్నా ముందు చెయ్యి మంచిదవ్వాలి" అని నా భార్య అన్నది. అని ఊరుకోక, కప్పును వేడినీళ్లతో కడిగి, ఒక్క పాడ్ పెట్టి, చిన్న బొత్తాం నొక్కి తెచ్చిచ్చింది. అరకప్పే గానీ నాలుకకు పట్టింది. సదరు కార్మికురాలు చెప్పిందే నిజమైనందుకు సగం కూడా తాగలేకపోయాను.

5. నిన్న ఆ చెత్తబండి అమ్మాయే నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఎవరో నా మీద రాశారు బాబాయ్. అంత దూరం నుంచి వచ్చేసరికి ఆలస్యమై మధ్యాహ్నం పని పోయేట్టుంది. నువ్వయితే గట్టిగా రాస్తావు" అన్నది. రాసింది నేనేనని ఒప్పుకోకుండా కాగితం తీశాను. ఏమేం పని చేసేదానివో చెప్పమ్మా, రాసుకుంటాను అన్నాను. ఈ పాడ్ డబ్బాల్లో కాఫీపొడి ఉంటే చెత్త డిపోలో తీసుకోరట. ఒక్కోదాని రేకు గోటితో చీల్చి, లోపలి తడిసిన పొడి గీకి, దేనికది వేరు చేసి ఇచ్చేదట. మా ఇంటివన్నీ అలాగే చేసిందట. ఆ సంగతి వీధిలో ఒక్కనాడూ ఎత్తలేదు. ఆమె బొటనవేలి గోరు సగానికి చీలి ఉన్నది. అయ్యా, నేను చాలా తప్పు చేశాను. అర్జీల భాషలో దీనికి మాట దొరకడం లేదు.

6. కావున ఫిర్యాదులో నేను వాడిన ప్రతి విశేషణమూ అబద్ధమని ఒప్పుకుంటూ, ఇకపై మా ఇంటి పాడ్లు నేనే చీల్చి కడిగి ఇస్తానని హామీ ఇస్తూ, ఆమెను వెనక్కి పంపమని వేడుకుంటున్నాను. చర్య ఏదైనా ఉంటే నా మీద తీసుకోవచ్చును.

మునుపటి వేగంతోనే దీనిని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు దగ్గరి అర్జీల రాతగాడు
(ఫిర్యాదీ నేనే, ముద్దాయీ నేనే)

తా.క.: పంపేముందు దీనిని ఆమెకు చదివి వినిపించాను. ఫిర్యాదు నాదేనన్న చోటు దాటేయబోయాను. "చదువు బాబాయ్, నాకు తెలుసులే. పిన్ని ఎప్పుడో చెప్పింది. నీ దగ్గరే రాయించుకోమని పంపింది కూడా పిన్నే" అన్నది. మరి నిన్న అంతసేపు కూర్చుని నన్ను ఒక్క మాటా అనలేదేమని అడిగాను.

"ఏమన్నా అంటే మళ్లీ రాస్తావు గదా బాబాయ్" అన్నది.

నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం నవ్వు రాలేదు సార్. తొందరగా పంపించండి.