ఈల బాతులు రెండు రకాలు

12 డిసెంబరు 83, సోమారం
కాదు, తినడానిక్కాదు. సూడ్డానికే. మేగాద్రిగెడ్డ డాము కాడ ఈల బాతులు రెండు రకాలున్నాయి. దుర్బిణీ ఏసుకొచ్చిన పెద్దాయన సెప్పాడు. సిన్న రకానికి తోక మొదలు ఎర్రంగ, పెద్ద రకానికి తెల్లంగ. ఎగిరితేనే కనపడతాది.
పక్కింటి నాగమణికి సెప్పేసాను! రెండేళ్లలో ఆ పిల్లతో నానాడిన మొదటి మాట ఇదే.
"ఐతే ఆదివారం సూపించు. అబద్దమైతే మరి నీతో మాటాడను" అంది.
ఒట్టు: రోజూ ఐదింటికి లెగాలి. రాయి ఇసరకూడదు. బాతు కూర ముట్టకూడదు.

13 మంగళారం
5.00 లెగిసాను! 5.40 డాము. బాతులు నలభై. అన్నీ నీళ్లమీద కూకున్నాయి. 7.30 దాకా సూసాను. ఒక్కటీ ఎగరనేదు. రేపు ఎగురుతాయి.

14 బుదారం
5.00 లెగిసాను. సలి. మళ్లీ తొంగున్నాను. 8.10కి ఎల్తే నీళ్లే ఉన్నాయి.

15 లచ్చివారం
మంచు. ఏటీ కనపణ్ణేదు. ఈలలు ఇనపడ్డాయి. రెండు రకాల ఈలలు అని రాసుకున్నాను. ఒకటి సైకిలు మీద పాలోడిది.

16 సుక్కురారం
రాయి ఇసిరాను. ఒకటే. సిన్నది. బాతులు దాన్ని సూసి తల తిప్పేసుకున్నాయి.

17 శనారం
అక్క మొగుడు అర్జునరావు బావ ఒచ్చాడు. పోర్టులో పని. కథంతా సెప్పాను.
"ఇంతేనేటిరా? దగ్గిరెట్టి సూపిత్తాను" అన్నాడు. సాయంత్రం సంత నుంచి సిన్నదొకటి, పెద్దదొకటి అట్టుకొచ్చాడు. ఈకలు పీకించేసి!
"బావా, తోకేదీ?"
"తోకతో నీకేటి పనిరా? తొడ సూడు!"
8.30. నాలుగు ముక్కలు తిన్నాను. తేడా తెల్సుకోడానికే. రుసి రెండూ ఒకటే.

18 ఆదివారం
6.15. డాము. నాగమణి ఒచ్చేసింది, తమ్ముణ్ణి ఎంటేసుకుని! బాతులు కూకునే ఉన్నాయి. ఆ పిల్లే గట్టిగా సప్పట్లు కొట్టింది. అన్నీ ఒక్కసారే లెగిసాయి. ఈలలే ఈలలు.
"నిజవే! తెల్లయి అల్లవిగో! సూసావా తాతబాబూ?"
"సూసాను."
"ఎన్ని?"
"ఏడు."
"ఏడా? రెండే కదా! నువ్వెక్కడ సూత్తన్నావ్?"
ఎలా సెప్తాను? ఒంగి సెప్పు సరిసేసుకున్నాను.
"ఒచ్చే ఆదివారం మళ్లీ ఒత్తాను. సరింగ లెక్కెట్టు" అని ఎల్లిపోయింది.

10.30. కొత్త ఒట్టు. రేపట్నించి ఐదింటికి. రాయి నేదు. కూర నేదు. ఆదివారం బాతుల్నే సూడాలి.
నాగమణి పక్కన నిలబడి సప్పట్లు కొడతంటే, బాతుల్ని సూడగలిగినోడు మీలో ఎవుడైనా ఉన్నాడేటి?